పౌన్ నాలుగో దరువు

పౌన్ అంటే మా వ్లాహ్ భాషలో నెమలి. తాత పేరు మనవడికి పెట్టడం మా ఆచారం కాబట్టి మా ఊరి ఫ్లోరికా కొడుక్కి ఆ పేరు పెట్టారు గానీ, పేరు గొప్ప ఊరు దిబ్బ అనే మాట వీణ్ణి చూసే పుట్టి ఉంటుంది. నెమలి అని పేరు పెట్టుకున్నాక కాస్తయినా ఆడటం రావాలా వద్దా? వీడు పండగలో ఆడాడంటే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కుంటుకుంటూ ఇంటికి పోవాల్సిందే. ఎవరో చెబితే విన్న మాట కాదిది. తూర్పు సెర్బియాలో, హొమోల్యే కొండల్లో ఉన్న మా ఊరికి అకార్డియన్ వాయించేది నేనే. నా పేరు త్రైలో. పెళ్ళయినా, పండగయినా, పోయినవాళ్ళ పేరిట ఇచ్చే ఆటయినా నా తిత్తి తెరుచుకుంటేనే మొదలు. అందుకే వాడి కాళ్ళతో నేను పడ్డ యాతన ఊళ్ళో ఇంకెవరూ పడలేదు.

మా ఆటను హోర అంటాం. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అందరూ చేతులు పట్టుకుని వరసగా నిలబడతారు. కుడికాలితో మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతారు. పాట ఒక చుట్టు పూర్తయ్యాక నేల అదిరేలా మూడు దరువులు వేస్తారు. మళ్ళీ మొదలు. ముసలమ్మలు పక్కింటి కోడలి గురించి చెప్పుకుంటూ కూడా ఆడేస్తారు. పౌన్ మాత్రం ఎడమకాలితో మొదలుపెట్టేవాడు. దాంతో పక్కవాడి పాదం సరిగ్గా వాడి బూటు కిందికి వచ్చేది. అదైనా ఓర్చుకోవచ్చు. అందరూ మూడు దరువులు వేసి ఆగాక, నేను తిత్తిలోకి గాలి పట్టే ఆ కాస్త ఖాళీలో, వీడొక్కడూ నాలుగోది వేసేవాడు. దబ్! ఊరంతా ఒక్కసారి నవ్వేది. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కేది.

“ఒరే పౌనూ, మూడేరా! మూడు! నీకు లెక్క రాదట్రా?”

“ఎందుకు రాదు మావా? మూడు అందరివీ. నాలుగోది నాది.”

“నీకు వేరేగా ఎందుకురా, నువ్వేమైనా కొత్త పెళ్ళికొడుకువా?”

“నువ్వు తొందరపడి ఆపేస్తున్నావు మావా. పాట ఇంకా ఉంది.”

చూశారా? ఆడలేనివాడు మద్దెల ఓడు అన్నాడట. మా నాన్న చేతుల్లోంచి నా చేతుల్లోకి వచ్చిన పాటలో తోక మిగిలిపోయిందని, గెడ్డం కూడా రాని వెధవ నాకు చెబుతాడు! రెండు పండగలు వాడితో మాట్లాడలేదు. వాడే వచ్చి, మా దొడ్లో ప్లమ్ పళ్ళన్నీ ఏరిపెట్టి, “మావా, కోపం పోయిందా, ఇంకో బుట్ట ఏరనా?” అని అడిగాడు. అలాంటివాడి మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది?

వాడి చిన్నప్పుడే వాళ్ళ నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. తల్లి ఫ్లోరికా, చెల్లెలు దొబ్రీనా, పాతిక గొర్రెలు, ఒక రాగి సారాబట్టీ వాడికి మిగిలాయి. ఆ బట్టీని బండి మీద పెట్టుకుని, పళ్ళు పులిసే కాలంలో ఇంటింటికీ తిప్పేవాడు. ఎవరి పెరట్లో నిప్పు వేస్తే ఆ ఇంటికి ఆ రోజు పండగే. నిప్పు దగ్గర వాడి చెయ్యి మంచిది. మంట ఎక్కువా కాదు, తక్కువా కాదు, సారా నీళ్ళలాగా తేటగా దిగేది. మొదటి చుక్క నేల మీద పోసి “నాన్నా, ఇది నీకు” అనేవాడు. రెండోది తను రుచి చూసేవాడు. ఆ ఇంటి యజమాని వంతు వచ్చేసరికి వాడు కథలు మొదలుపెట్టేవాడు. మా ఇంట్లో ఓసారి వాడి కథలు వింటూ మా ఆవిడ మొక్కజొన్న సంకటి మాడబెట్టింది. ఆ మాడుసంకటి కూడా వాడే తిన్నాడు, “అత్తా, ఇలా చెయ్యడం ఎక్కడ నేర్చుకున్నావు?” అంటూ.

పంతొమ్మిదో ఏడు రాగానే సైన్యం నుంచి పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో వయసొచ్చిన మగపిల్లలందరికీ వచ్చేదే. కొడుకు సైన్యానికి వెళ్తుంటే పెళ్ళంత విందు పెట్టడం మా దగ్గర రివాజు. ఫ్లోరికా రెండు గొర్రెపిల్లల్ని కోయించింది. అప్పటికి ఎక్కడా యుద్ధం లేదు. అందరం తాగాం, తిన్నాం, వాడు హోర ఆడాడు. ఆ రోజు వాడి బూటు కింద పడింది ఫిరాన్ కాలు. ఫిరాన్ మా పోస్టుమాన్ కొడుకు, పౌన్ కంటే మూడేళ్ళు పెద్ద, ఊళ్ళో అందరికంటే బాగా ఆడేవాడు. గోరు ఊడిపోయి వారం రోజులు చెప్పు వేసుకోలేకపోయాడు పాపం.

“సైన్యంలో కవాతు చేయిస్తారు, అప్పుడు తెలుస్తుందిరా నీకు!” అన్నాడు ఫిరాన్ కాలు పట్టుకుని.

తెలిసింది ఎవరికో తరవాత విన్నాం. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు వాడు సరాసరి మా ఇంటికే వచ్చాడు. గుమ్మంలోంచే అరుపు:

“మావా! మొత్తం సైన్యం ఎడమకాలితోనే మొదలుపెడుతుంది మావా! తప్పు మన ఊరిదే!”

“అలాగా? అయితే నిన్ను సైన్యాధిపతిని చేశారా?”

“చేసేవాళ్ళే. ‘ఆగు’ అన్నప్పుడు అందరూ ఆగారు, నేను ఇంకో అడుగు వేశాను. నాలుగు రోజులు చూశారు. అయిదో రోజు నన్ను ఫిరంగుల దగ్గరికి పంపేశారు.”

పంపినవాడెవడో గానీ బుద్ధిమంతుడు. ఫిరంగి కాలు తొక్కితే ఫిరంగికి నొప్పి ఉండదు కదా! వాడి పని గుండ్లు అందించడం. పెట్టెలోంచి తీసి, రెండు చేతుల్లో చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చి, గొట్టంలోకి ఎక్కించాలి. వాడి వెంట ఆ ఫిరంగి మీద పనిచేసే ముగ్గురు స్నేహితుల గురించి ఆ సెలవంతా ఒకటే చెప్పడం. గురి చూసేవాడు ఇమ్రే, ఉత్తరాన సుబొతిత్స ఊళ్ళో రొట్టెల దుకాణంవాడు. విటొమీర్ కొండలాంటి మనిషి. సేయాద్ వాడి భుజానికి కూడా అందడు.

ఫిరంగి మోతకు వాడి చెవులు దెబ్బతిన్నాయి. తను మామూలుగా మాట్లాడుతున్నాననుకుని కేకలు పెట్టేవాడు. ఆదివారం చర్చిలో ఫాదర్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడు. అంతా నిశ్శబ్దం. అప్పుడు వాడు తల్లి చెవిలో రహస్యంగా అడిగాడు. అంటే వాడి లెక్కలో రహస్యం.

“అమ్మా! ఈయన ఇంకెంతసేపు చదువుతాడు? కూరగాయల పులుసు చల్లారిపోతుంది!”

ఫాదర్ కళ్ళు తెరిచాడు. “అయిపోవచ్చిందిలే పౌనూ” అన్నాడు. ఫ్లోరికా సిగ్గుతో తలగుడ్డ కళ్ళ మీదికి లాక్కుంది. లాక్కుంది గానీ, ఆ గుడ్డ కింద భుజాలు కదలడం నేను చూశాను. ఆ మనిషి నవ్వు ఆపుకోలేదు. కొడుకు నవ్వూ ఆవిడ పోలికే.

ఆ శరదృతువులో యుద్ధం వచ్చింది. ఎవరు మొదలుపెట్టారో, ఎందుకో చెప్పేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, వాళ్ళనడగండి. నాకు తెలిసింది ఒకటే. వాడి ఫిరంగిని పడమటి మైదానాల్లో మొక్కజొన్న చేల మధ్య పెట్టారు. ఒక పొద్దున అవతలి గుండు వచ్చి వీళ్ళ దగ్గర పడింది. మిగతా ముగ్గురూ బతికారు. పౌన్ పోయాడు. మూత తెరవకూడదని చెప్పి పెట్టెను ఇంటి ముందు దించారు. ఫ్లోరికా ఏడవలేదు, పెట్టె మీద చెయ్యి వేసి “ఏం తిన్నావురా పొద్దున?” అని అడిగింది.

మా నమ్మకం ప్రకారం ప్రాణం పోయేటప్పుడు చేతిలో వెలిగే కొవ్వొత్తి ఉండాలి. లేకపోతే అవతలి లోకంలో చీకట్లో తిరుగుతూ ఉంటారు. యుద్ధంలో పోయినవాడి చేతిలో కొవ్వొత్తి ఎవరు పెడతారు? అందుకే అలాంటివాళ్ళ పేరిట ఊరి పండగరోజు హోర ఇస్తాం. వరసకు ముందు నిలబడ్డవాడు పోయినవాడి ఫోటో, పెద్ద కొవ్వొత్తి పట్టుకుంటాడు. వెనక అందరి చేతుల్లో చిన్న కొవ్వొత్తులు. ఇక్కడ ఆడిన ఆట, ఇక్కడ వెలిగిన వెలుగు అక్కడ వాడికి చేరుతుంది. ఆట మధ్యలో తల్లినో భార్యనో చెయ్యి పట్టుకుని వలయంలోకి తీసుకొస్తారు. ఆవిడ ఆడిందా, దుఃఖం ముడి విప్పినట్టు. తలకు కట్టుకున్న నల్లగుడ్డ తీసేస్తుంది, ఇంట్లో మళ్ళీ పాట వినపడొచ్చు. ఆడకపోతే ఆ ఇల్లు అలాగే నోరు కట్టుకుని ఉండాలి.

ఫ్లోరికా ఆట ఇవ్వనంది. మొదటి వేసవిలో మా ఊరి పండగ ఇస్పాస్ వచ్చింది, పోయింది. సంవత్సరీకం పెట్టింది, రొట్టెలు పంచింది, సమాధి మీద గొర్రెపాల జున్ను, సారా అన్నీ పెట్టింది, హోర మాత్రం ఇవ్వలేదు. ఈలోగా దొబ్రీనాకు సంబంధం కుదిరింది. పక్క ఊరి పిల్లాడు, మంచివాడు. దొబ్రీనా మాత్రం ఒకటే మాట మీద నిలబడింది: “పాట లేని పెళ్ళి నాకొద్దు. అమ్మ ఆడని పెళ్ళి అసలే వద్దు.” తల్లీ కూతుళ్ళిద్దరూ ఇద్దరే. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండివాళ్ళు ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటే రాజు ఊరే వదిలిపోతాడు. దొబ్రీనా ఏడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఆ సాయంత్రమే నేను వాళ్ళింటికి వెళ్ళాను.

ఫ్లోరికా ఉల్లిపాయలు జడలా అల్లుతోంది. నన్ను చూసి తల ఎత్తలేదు.

“కూర్చో అన్నా. దొబ్రీనా పంపిందా?”

“నా కాళ్ళే పంపాయి. ఏమమ్మా ఫ్లోరికా, పిల్లకి నీ నల్లగుడ్డే కట్నంగా ఇస్తావా?”

“నోరు ముయ్యి.”

“ముయ్యను. పిల్లాడు చీకట్లో ఉన్నాడు, పిల్ల ఇంట్లో ఉంది. ఇద్దర్నీ నువ్వే పట్టుకు కూర్చున్నావు. వాడికి ఆట ఎందుకివ్వవు?”

ఫ్లోరికా ఉల్లిపాయలు ఒళ్ళోంచి దించింది.

“ఆట ఎవరు నడిపిస్తారు?”

“ఎవరేమిటి? ఫిరాన్. ఊళ్ళో వాణ్ణి మించినవాడు లేడు.”

“అదీ. ఫిరాన్ చక్కగా ఆడతాడు. అంత చక్కని ఆట మా వాడిది ఎలా అవుతుంది అన్నా? ఇక్కడ ఆడింది అక్కడికి చేరుతుందంటావు. చేరాక వాడు చూసి ఏమనుకుంటాడు? ‘ఇది ఇంకెవరికో వచ్చిందిలే’ అని పక్కకు జరుగుతాడు. వాడు ఎప్పుడూ అంతే, తనది కానిది ముట్టుకోడు. ఎవరో తల్లి కన్న చక్కని పిల్లాడు అది అందుకుపోతాడు. నా కొడుకు అలాగే చీకట్లో నిలబడతాడు. నేనేమో ఇక్కడ తలకు పూలగుడ్డ కట్టుకుని పెళ్ళిలో తిరగాలి. నా వల్ల కాదు.”

నవ్వొచ్చే మాటే. నాకు నవ్వు రాలేదు. నలభై ఏళ్ళు వాయించాను, ఏ తల్లీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు.

“అయితే పౌన్ లాగా ఆడితే ఇస్తావా?”

“ఎవరు ఆడతారు వాడిలాగా!” అంది. నిజమే అనుకున్నాను. కానీ వదిలిపెట్టే రకాన్ని కాదు కదా, మర్నాడే ఫిరాన్‌ని మా గడ్డివాము వెనక్కి లాక్కుపోయాను.

“ఎడమకాలితో మొదలుపెట్టరా.”

“మావా, నా కాలు వినట్లేదు.”

“వినకపోతే నా బెత్తం చెబుతుంది. నాలుగు దరువులు వెయ్యి. నాలుగోది ఆలస్యంగా, నేను గాలి పడుతున్నప్పుడు వెయ్యాలి.”

వేశాడు. ఎంత చక్కగా వేశాడంటే దాన్ని కొత్త హోర అని పట్నంలో పోటీకి పంపొచ్చు. తప్పు కూడా తాళానికి తగ్గట్టే చేస్తాడు వాడు! వారం రోజులు కష్టపడ్డాం. తప్పుగా ఆడటం ఒక విద్య అని నాకు అప్పుడే తెలిసింది, అది మా ఊళ్ళో ఒక్కడికే అబ్బింది. ఆఖరి రోజు ఫ్లోరికా గొర్రెలు తోలుకుంటూ అటు వచ్చి, కంచె పక్కన నిలబడి చూసింది. ఫిరాన్ ఆగిపోయాడు.

“పాపం, నీ తప్పేం లేదురా నాయనా,” అంది. “కానీ అది వాణ్ణి వెక్కిరించినట్టుంది. వద్దు.”

గొర్రెల్ని తోలుకుని వెళ్ళిపోయింది.

చివరికి దొబ్రీనాయే తల్లిని సగం ఒప్పించింది. రెండో ఇస్పాస్‌కి హోర ఇవ్వడానికి ఫ్లోరికా సరేనంది. కానీ తను వలయంలో అడుగు పెట్టదు, నల్లగుడ్డ తియ్యదు. “వాడికి చేరినా చేరకపోయినా ఊరికి రొట్టె, సారా పెడతాను. నన్ను మాత్రం చెయ్యి పట్టుకుని లాగారంటే ఊరుకోను” అని నాతో, ఫిరాన్‌తో, ఫాదర్‌తో కూడా చెప్పింది. దొబ్రీనాది ఇంకో ఎత్తు. పోస్టాఫీసుకు వెళ్ళి సుబొతిత్సలో రొట్టెల దుకాణానికి ఫోను చేసింది. అన్న స్నేహితులు వస్తే అమ్మ మనసు కాస్తయినా కరుగుతుందేమో అని ఆ పిల్ల ఆశ. మాకెవరికీ చెప్పలేదు.

పండగ రోజు ఎండ బాగా కాసింది. చర్చి ముందు మైదానంలో ఫ్లోరికా బల్ల నిండా అల్లిక రొట్టెలు, సారా సీసాలు, చేతిగుడ్డలు పెట్టుకుని నిలబడింది. తల మీద నల్లగుడ్డ. నేను భుజానికి పట్టీ తగిలించుకుంటుండగా రోడ్డు మీద ఒక పాత ఫియట్ కారు కనిపించింది. నడపడం లేదు, తోసుకొస్తున్నారు. ఆ రోజుల్లో పెట్రోలు దారి పక్కన సీసాల్లో అమ్మేవాళ్ళు. వీళ్ళు కొన్న సీసాలో ఏముందో దేవుడికే తెలియాలి. వెనక నుంచి తోస్తున్నవాడు గోపురమంత ఎత్తున్నాడు. వాడి పక్కన తోస్తున్నట్టు నటిస్తున్నవాడు చిన్నగా ఉన్నాడు. మూడోవాడు స్టీరింగు పట్టుకుని ఇద్దర్నీ తిడుతున్నాడు. ఎవరూ చెప్పకుండానే ఊరంతటికీ తెలిసిపోయింది వాళ్ళెవరో. పౌన్ చెప్పిన కథల్లోంచి అలాగే దిగి వచ్చారు.

స్టీరింగు పట్టుకున్నవాడు దిగి, నేరుగా ఫ్లోరికా దగ్గరికి వచ్చాడు.

“అమ్మా, నేను ఇమ్రేని. వీడు విటొమీర్. ఆ చిన్నవాడు సేయాద్, వాడు ఉన్నాడని మర్చిపోవద్దు, ఏడుస్తాడు.”

“తిన్నారా?” అంది ఫ్లోరికా.

“లేదమ్మా. నిన్నటి నుంచి కారు తోస్తున్నాం.”

రొట్టె విరిచి ముగ్గురి చేతుల్లో పెట్టింది. వాళ్ళు తింటుంటే ఒకరి తరవాత ఒకరిని చూస్తూ నిలబడింది. ఏమీ అడగలేదు. అడగాల్సినవి ఎన్ని ఉంటాయో ఆలోచించండి. ఇమ్రేయే రొట్టె మింగి మెల్లగా చెప్పాడు: “నొప్పి తెలియలేదమ్మా వాడికి. మాట మధ్యలో పోయాడు. ఏదో కథ చెబుతున్నాడు. చివర ఏమైందో మాకు ఇప్పటికీ తెలీదు.”

“బట్టీలో మేకపిల్ల పడ్డ కథా?”

“అదే!”

“మేకపిల్ల బతికింది,” అంది ఫ్లోరికా. “తాగి మూడు రోజులు పడుకుంది.”

విటొమీర్ అంతటి మనిషి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

మా పద్ధతిలో, పోయినవాడితో ఆఖరి రొట్టె పంచుకున్నవాడికే ఆట ముందుండే హక్కు. ఫిరాన్ బుద్ధిమంతుడు, ఎవరూ చెప్పకుండానే కొవ్వొత్తి, ఫోటో తీసుకెళ్ళి ఇమ్రే చేతిలో పెట్టాడు.

“మీకు ఆట రాదు కదా, నేను పక్కనే ఉండి చెబుతాను,” అన్నాడు.

“రాకపోవడమేంటి?” అన్నాడు ఇమ్రే. “పౌన్ నేర్పాడు. చలిలో ఫిరంగి చుట్టూ రోజూ ఆడించేవాడు.”

నేను ఆ మాట విన్నాను. విని కూడా సరిగా పట్టించుకోలేదు. నా చూపంతా ఫ్లోరికా మీదే ఉంది. ఆవిడ బల్ల వెనక చేతులు కట్టుకుని, గడప దాటని మనిషిలా నిలబడింది. దొబ్రీనా తల్లి పక్కనే పూలగుడ్డ మడత పట్టుకుని నిలబడింది. కొవ్వొత్తులు వెలిగించారు. “ఈ ఆట పౌన్‌ది, వాడికి చేరాలి” అని దొబ్రీనా గట్టిగా చెప్పింది. నేను తిత్తి తెరిచాను.

ఊరు కుడికాలు వేసింది. ముందున్న ముగ్గురూ ఎడమకాలు వేశారు.

“అబ్బా!” అన్నాడు ఫిరాన్. విటొమీర్ బూటు వాడి పాదం మీద ఉంది. వరస మొత్తం తుళ్ళిపడింది. ముసలమ్మలు ఒకరి మీద ఒకరు వాలిపోయారు. ముగ్గురికీ అదేం పట్టలేదు. నుదురు చిట్లించి, ప్రార్థన చదువుతున్నంత శ్రద్ధగా ఆడుతున్నారు. ఎక్కడ భుజం ఎగరెయ్యకూడదో అక్కడ ఎగరేస్తున్నారు, ఎక్కడ మోకాలు వంచకూడదో అక్కడ వంచుతున్నారు. వేళ్ళు వాయిస్తున్నాయి గానీ నా కళ్ళు ఆ కాళ్ళ మీదే ఉన్నాయి. చుట్టు పూర్తయింది. అందరూ మూడు దరువులు వేశారు. నేను గాలి పట్టడానికి ఆగాను.

దబ్!

మూడు జతల బూట్లు ఒక్కసారిగా వేశాయి. మైదానం మొత్తం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయింది. నా చేతులు కూడా ఆగిపోయాయి. చేతుల్లో కొవ్వొత్తులు మాత్రం వెలుగుతున్నాయి.

ఇమ్రే బిత్తరపోయి చుట్టూ చూశాడు.

“ఏమైంది? తప్పు చేశామా? మాకు ఇలాగే నేర్పాడండీ!”

ఇమ్రే చేతిలోని ఫోటో పైకెత్తి చూపించాడు.

“కుడికాలితో మొదలుపెట్టేది పక్క ఊరివాళ్ళు, వాళ్ళకు ఆట రాదు అన్నాడు. అకార్డియన్ ఆయన నాలుగోది మింగేస్తాడు, ఆయనకు వయసైపోయింది, మీరు పట్టించుకోకండి అన్నాడు.”

నవ్వు ఎక్కడ మొదలైందో వెంటనే తెలియలేదు. ముందు దగ్గులాగా వినిపించింది. తిరిగి చూస్తే ఫ్లోరికా. బల్ల అంచు పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. చర్చిలో గుడ్డ కింద దాచుకున్న నవ్వే అది. ఇప్పుడు దాచుకోలేదు.

“దొంగ వెధవ! ఊరినంతా పక్క ఊరు చేశాడా!”

ఇంక ఊరు ఆగుతుందా! ఫాదర్ గెడ్డంలోంచి నవ్వు, ఫిరాన్ కాలు పట్టుకుని నవ్వు. నేనా? వయసైపోయిందన్న మాటకు కోపం రావాల్సింది, వచ్చే వీలే లేకపోయింది.

ఫ్లోరికా బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు. ఇమ్రే ముందు నిలబడి, వాడి కాళ్ళు చూసింది, విటొమీర్ కాళ్ళు, సేయాద్ కాళ్ళు చూసింది. తరవాత నాకేసి తిరిగింది.

“అన్నా, వీళ్ళు వెక్కిరించట్లేదు. వాడి కాళ్ళే ఇవి. ఇది వాడికి చేరుతుంది. చూడగానే నాదే అంటాడు.”

“అంటాడమ్మా,” అన్నాను.

తనే నల్లగుడ్డ ముడి విప్పుకుంది. దొబ్రీనా పూలగుడ్డ కట్టింది. ఫ్లోరికా ఇమ్రే చెయ్యి ఒకటి, కూతురు చెయ్యి ఒకటి పట్టుకుని వరసలో నిలబడి, ఊరందరినీ కసిరింది.

“ఏం చూస్తున్నారు? ఎడమకాలితో మొదలుపెట్టండి! ఫిరానూ, నీకు వేరే చెప్పాలా?”

మొదలుపెట్టాం. అంత ఘోరమైన హోర ఆ కొండల్లో ఎవరూ ఎప్పుడూ ఆడి ఉండరు. ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నారు, కొవ్వొత్తి మైనం ఒకరి చొక్కా మీద ఒకరు కార్చుకున్నారు, ముసలి మీలుట్స కర్ర ఎక్కడో పారేసుకుంది. పౌన్ ఫోటోలో పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ అందరి ముందూ ఊగుతూ పోయాడు. చుట్టు చివరికి వచ్చింది. ఒకటి, రెండు, మూడు. ఎవరు చెప్పారో ఏమో, ఊరంతా అక్కడ ఆగింది. ముగ్గురు కుర్రాళ్ళూ కూడా బూట్లు గాల్లోనే ఆపారు. నాలుగోది ఆవిడకు వదిలేశాం.

ఫ్లోరికా కాలెత్తి నేల అదిరేలా వేసింది.

నేను తిత్తి మూయబోతుంటే నాకేసి చెయ్యి ఊపింది. చెంపలు తడిగా ఉన్నాయి, నోరు నవ్వుతోంది.

“ఆపకు అన్నా. పాట ఇంకా ఉంది.”